మాస్టారూ, మీ సబ్జెక్టంటే మీకే చిన్నచూపా?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది, మార్కులు బాగా వచ్చాయి. రీసెర్చ్ చేస్తానంటోంది, అదీ గణితంలోనే. మా ఊళ్లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు 45 వేలు కడితే ఆమె పేరు మీద ఇంటర్నేషనల్ జర్నల్‌లో రెండు పేపర్లు వేయిస్తామంటున్నారు. గణితం, వైద్యం, బయోఎనర్జీ, ఇంజినీరింగ్ కంప్యూటింగ్, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి ఎంచుకోమన్నారు. 5 వేలు అడ్వాన్స్ ఇచ్చాను. వీటిలో దేనికి భవిష్యత్తు ఉంది? ముందు బీటెక్ ఏఐలో చేర్చి, తర్వాత రీసెర్చ్‌కి పంపితే ఎలా ఉంటుంది?
— ఒక తండ్రి, నంద్యాల జిల్లా

జవాబు: ముందు ఆ 45 వేల సంగతి తేల్చుకుందాం మాస్టారూ. నాలుగు రంగాల గురించి తర్వాత మాట్లాడదాం.

మీరు రాసినదాన్ని బట్టి ఆ జర్నల్ ఒకే సంచికలో సమీకరణాలూ, షుగర్ జబ్బూ, వరిగడ్డి నుంచి ఇంధనమూ, వంతెనల డిజైనూ అన్నీ వేస్తుంది. మంచి జర్నళ్లలోనూ అన్ని రంగాల వ్యాసాలు వేసేవి ఉన్నాయి, కాదనను. కానీ అక్కడ ఒక్కో వ్యాసాన్నీ ఆ రంగంలో పండినవాళ్లు చదువుతారు. నెలలు పడుతుంది, చాలావరకు తిప్పి పంపేస్తారు. 'డబ్బు కట్టండి, రెండు పేపర్లు గ్యారంటీ' అన్నారంటే చదివేవాళ్లెవరూ లేరని వాళ్లే ఒప్పుకున్నట్టు. హైదరాబాద్ నుంచే నడిచిన ఒక పెద్ద జర్నళ్ల సంస్థ, వ్యాసాలను సరిగా సమీక్షిస్తున్నామని పరిశోధకులను మోసగించిందంటూ 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. మీ ఊరి కన్సల్టెన్సీ దాని ముందు చీమ, అయినా వ్యాపారం అదే.

ఇంకో మాట. థీసిస్ ఇవ్వడానికి ముందు తప్పనిసరిగా పేపర్ పడి ఉండాలన్న నిబంధనను యూనివర్సిటీలపై అజమాయిషీ చేసే యూజీసీ 2022లోనే పీహెచ్‌డీ వాళ్లకు ఎత్తేసింది. పీహెచ్‌డీ వాళ్లకే అక్కర్లేనిది ఇంటర్ పాసైన పిల్లకు ఎందుకండీ? తను రాయని వ్యాసం మీద తన పేరుంటే అది రేపు ఇంటర్వ్యూలో ఆ అమ్మాయి మెడకే చుట్టుకుంటుంది. "ఈ రెండో పేజీలో మీరు చేసిందేమిటో చెప్పండి" అని ఎవరైనా అడిగితే ఏం చెబుతుంది? మీ క్లాసులో పక్కవాడి జవాబు చూసి రాసినవాణ్ని మీరు బెంచీ ఎక్కించే ఉంటారు. సొంత కూతురికి అదే పని డబ్బిచ్చి మరీ నేర్పబోతున్నారు. కోపం తెచ్చుకోకండి, ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాలి.

మీరు అడిగింది నాలుగు రంగాల గురించే అయినా ఉత్తరం రెండుసార్లు చదివితే లోపలి భయం వేరే కనిపించింది. "నాలాగే లెక్కల టీచర్‌గా మిగిలిపోతుందేమో", "పెళ్లి వయసుకి కూడా చదువుతూనే ఉంటుందేమో". ఈ రెండూ మీరు రాయలేదు. కానీ ఇలాంటి ఉత్తరాలు ఏడాదికి కనీసం పాతికైనా వస్తాయి నాకు, అన్నింటి అడుగునా ఇవే ఉంటాయి.

అందుకే డబ్బు లెక్క ముందు చూద్దాం. డిగ్రీ, ఎమ్మెస్సీ కలిసిన అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు, ఆపైన మరో అయిదేళ్ల పీహెచ్‌డీ అనుకుంటే అమ్మాయికి 27, 28 వస్తాయి. అంతకాలం మీ మీద ఆధారపడుతుందనుకుంటున్నారు, అక్కడే పొరపాటు. పీహెచ్‌డీ వాళ్లకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, అది సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) అయ్యాక 42 వేలు, ఇంటద్దె భత్యం అదనం. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్‌కి ఎంపికైతే 70 వేల నుంచి 80 వేల వరకు. డిగ్రీ స్థాయిలోనే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లో ఫీజు లేకపోగా, చదువు సరిగా సాగితే నెలకు 5 వేలు స్టైఫండ్ కూడా ఇస్తారు. ఫెలోషిప్ నెలల తరబడి ఆలస్యమై, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకున్న పిల్లలు కూడా నాకు తెలుసు, అది దాచను. అయినా మేనేజ్‌మెంట్ సీటుకి లక్షలు పోసి, ఆ తర్వాత ప్లేస్‌మెంట్ కోసం ఎదురుచూడటంతో పోలిస్తే ఇది మీ జేబుకి తేలికే. ఇక పెళ్లంటారా, 27 ఏళ్లకు సొంత సంపాదన ఉన్న అమ్మాయి సంబంధం గురించి కెరీర్ కౌన్సిలర్‌ని అడగాల్సిన అవసరం లేదు.

ఇప్పుడు నాలుగు రంగాలు. ఎంట్రన్సుల వివరాలు మీకూ అమ్మాయికీ నాకంటే బాగా తెలుసు, వాటి జోలికి పోను.

బయోఎనర్జీ దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ నేను ఒకసారి దెబ్బతిన్నాను. 2003లో కేంద్రం బయోడీజిల్ మిషన్ తలపెట్టినప్పుడు దేశమంతా అడవి ఆముదం జపం. జట్రోఫా అంటే అదే. బంజరు భూమిలో నీళ్లు లేకపోయినా పండుతుంది, పశువులు తినవు, డీజిల్ కాస్తుంది అన్నారు. రైలు పట్టాల పక్కన కూడా నాటారు. మన దగ్గర కానుగ మొక్కలు పంచారు. అప్పట్లో ఒక కుర్రాడికి నేనే, "నాయనా, భవిష్యత్తంతా దీందే, ఇందులోనే ప్రాజెక్టు చెయ్యి" అని సలహా ఇచ్చాను. తీరా చూస్తే నీళ్లు లేనిచోట ఆ చెట్టు బతికింది గానీ గింజలు సరిగా ఇవ్వలేదు. 2017 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలని 2009 విధానంలో రాసుకున్నది కాగితం మీదే ఉండిపోయింది. ఆ కుర్రాడు ఏమయ్యాడంటారా? చదివింది కెమికల్ ఇంజినీరింగ్ కాబట్టి బయోగ్యాస్ వైపు మళ్లాడు, బాగానే ఉన్నాడు. వాడి దగ్గర పునాది ఉంది కాబట్టి నా సలహా వాణ్ని ముంచలేకపోయింది.

ఈ రంగంలో పని లేదని దీని అర్థం కాదు. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని మొదట 2030కి పెట్టుకుని, తర్వాత 2025-26కి ముందుకు జరిపి, 2025లోనే అందుకున్నాం. పానిపట్‌లో 2022 ఆగస్టులో ప్రారంభించిన ప్లాంటు వరిగడ్డితో రోజుకు లక్ష లీటర్ల ఇథనాల్ చేసేలా కట్టినది. అక్కడున్న చిక్కేమిటంటే చెరకు రసం పులిసినంత తేలిగ్గా గడ్డి పులవదు. గడ్డిలోని సెల్యులోజ్‌ని ముందు చక్కెరగా విడగొట్టాలి, దానికి ఎంజైములు కావాలి, వాటి ఖర్చు తగ్గించాలి. పరిశోధనంతా ఆ చిన్న మెట్టు దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో బోయినపల్లి కూరగాయల మార్కెట్‌కి ఎప్పుడైనా వెళ్తే అక్కడి బయోగ్యాస్ ప్లాంటు చూడండి. రోజుకు 10 టన్నుల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారు, ఆ టెక్నాలజీ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీది. మంచి పని. కానీ ఇది కెమిస్ట్రీ, బయాలజీ అంటే ప్రాణం పెట్టే పిల్లలకు. 'భవిష్యత్తు ఉందట' అన్న ఒక్క మాటతో లెక్కల పిల్లను అందులోకి నెట్టకండి.

వైద్య పరిశోధన అంటే ఎంపీసీ వాళ్లకు తలుపు మూసేసినట్టే అని మీరు అనుకుంటున్నట్టుంది. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన రోనాల్డ్ రాస్ గుర్తున్నాడు కదా, నోబెల్ కథ పాఠాల్లో ఉండేదే. ఆయన తర్వాత చేసిన పని మాత్రం మన పాఠాల్లో పెద్దగా కనబడదు. "దోమలన్నింటినీ చంపడం ఎవరి తరం?" అని జనం నవ్వితే, అన్నింటినీ చంపక్కర్లేదని సమీకరణాలు రాసి చూపించాడు. మనుషుల సంఖ్యతో పోలిస్తే దోమలు ఒక హద్దు కంటే తగ్గితే చాలు, మలేరియా దానంతటదే ఆరిపోతుంది. ఆయన దగ్గర ఆ ఆలోచన అందుకున్న మెకెండ్రిక్ అనే డాక్టరు, కెర్మాక్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1927లో బొంబాయి ప్లేగు మరణాల లెక్కలతో తమ సమీకరణాలను సరిచూసుకున్నాడు. కరోనా రోజుల్లో టీవీల్లో రోజూ చూపించిన కేసుల గ్రాఫుల వెనక ఉన్న లెక్క ఆ కుటుంబానిదే. సీటీ స్కాన్ సంగతీ అంతే. రాడాన్ అనే గణితజ్ఞుడు 1917లో ఏ వైద్యమూ మనసులో పెట్టుకోకుండా రాసిన ఒక ఇంటిగ్రల్ మీద అది నిలబడింది. కాబట్టి గణితం, స్టాటిస్టిక్స్ చదివిన పిల్లకు ఆసుపత్రుల్లో, మందుల ప్రయోగాల్లో, జాతీయ పోషకాహార సంస్థ లాంటి చోట్ల పని ఉంటుంది. ఎంబీబీఎస్ చదివిన పిల్లలకు రోగుల రద్దీలో రీసెర్చ్‌కి టైమ్ మిగలదు, అదీ మీరు తెలుసుకోవాలి.

ఇంజినీరింగ్ కంప్యూటింగ్ గురించి ఎక్కువ చెప్పను. గాలి, నీరు, ఉక్కు, రక్తం ఎలా కదులుతాయో, ఎక్కడ విరుగుతాయో ముందే కంప్యూటర్ మీద లెక్కగట్టడం అది. ఉద్యోగాల పరంగా నాలుగింట్లో ఇదే కాస్త నిలకడైనది, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఇంజిన్లు, కార్లు డిజైన్ చేసే సెంటర్లు ఇలాంటివాళ్ల కోసం వెతుకుతుంటాయి. ఇందులో సగం లీనియర్ ఆల్జీబ్రా, మిగతా సగం ఓపిక.

ఇక మీ 'బీటెక్ ఏఐ తర్వాత రీసెర్చ్'. ఇక్కడ నాకు నిజంగానే అనుమానాలున్నాయి. ఏఐ మీద కాదు, దాని బోర్డు తగిలించుకున్న సీట్ల మీద. మూడేళ్ల క్రితం వేరే బ్రాంచి పాఠాలు చెప్పినవారే చాలా కాలేజీల్లో ఇప్పుడు మెషీన్ లెర్నింగ్ చెబుతున్నారు. ఫైనలియర్ ప్రాజెక్టు ఎలా ఉంటుందో చెబుతాను. ఇంటర్నెట్‌లో దొరికే ఎక్స్‌రేలు దించుకుంటారు, ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రామ్‌ని దాని మీద నడుపుతారు, '98 శాతం కచ్చితత్వం' అని రాసుకుంటారు. అలాంటి ఒక అబ్బాయిని నేనడిగాను: "ఒకే రోగి ఎక్స్‌రేలు ప్రోగ్రామ్‌కి నేర్పిన ట్రైనింగ్‌లోనూ, దాన్ని పరీక్షించిన టెస్ట్‌లోనూ రెండు చోట్లా ఉన్నాయేమో చూశావా?" చూడలేదు. ఆ 98లో ఎంత జ్ఞాపకమో, ఎంత తెలివో వాడికే తెలియదు. దాని మీద ఒక పేపర్ కూడా పడింది, ఎక్కడ పడిందో మీరు ఊహించగలరు. ఆ మోడల్ ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ తప్పుతుందో చెప్పగలిగేది ప్రాబబిలిటీ, ఆల్జీబ్రా, కాలిక్యులస్ వంటబట్టినవాళ్లే. బెంగళూరులోని సైన్సు పరిశోధన సంస్థ ఐఐఎస్సీ వాళ్లు కూడా 2022లో బీటెక్ మొదలుపెట్టినప్పుడు ఆ కోర్సుకి మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటింగ్ అనే పేరు పెట్టారు.

మీ అమ్మాయి సరిగ్గా ఆ పునాది దగ్గరికే వెళ్తానంటోంది. మీరేమో ఆమెను అక్కణ్నుంచి లేపి పైఅంతస్తులో కూర్చోబెట్టాలని చూస్తున్నారు.

'లెక్కలు చదివితే టీచరే' అంటారా? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, అక్కడ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన సి.ఆర్.రావుగారు పాతికేళ్లకే, 1945లో రాసిన వ్యాసం ఈ రోజుకీ ప్రపంచమంతా పాఠాల్లో ఉంది. అందరూ ఆయన అవుతారని చెప్పడం లేదు. ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, పోస్ట్‌డాక్ అంటూ పీహెచ్‌డీ తర్వాత తాత్కాలిక ఉద్యోగాల కోసం ఊళ్లు తిరగాలి, గైడ్ మంచివారు దొరక్కపోతే నరకం. ఇవన్నీ నిజాలే. మందుల పరిశోధనలో పేరుపొందిన యల్లాప్రగడ సుబ్బారావుగారంతటివారికే హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్టు రాలేదు, 1940లో మందుల కంపెనీకి వెళ్లారు. కేన్సర్‌కీ కీళ్లవాతానికీ నేటికీ రాస్తున్న మెథోట్రెక్సేట్, బోదకాలు బెడద ఉన్న జిల్లాల్లో అది రాకుండా పంచే డీఈసీ మాత్ర, రెండూ ఆ కంపెనీలో ఆయన బృందం చేతి చలవే. యూనివర్సిటీ ఉద్యోగం రాకపోతే పరిశోధన అక్కడితో ఆగిపోదు. గణితంలో పీహెచ్‌డీ సగంలో మానేసి బ్యాంకుల రిస్క్ విభాగాల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో స్థిరపడిన పిల్లలు నా దగ్గరే నలుగురున్నారు. వాళ్లెవరూ రోడ్డున పడలేదు.

నాలుగింటినీ పట్టికలా పోల్చి చెబుతానని మీరు ఎదురుచూసి ఉంటారు. క్షమించండి, మీ అమ్మాయి విషయంలో ఆ పట్టిక దండగ. ఆమె గణితంతో మొదలుపెడితే మిగతా మూడింటిలోకి ఎప్పుడైనా వెళ్లగలదు. అటునుంచి ఇటు రావడమే కష్టం. సైన్సు చదువుకీ పరిశోధనకీ కేంద్రం పెట్టిన ఐఐఎస్‌ఈఆర్ తిరుపతి, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఎస్ఐ బెంగళూరు, ఇందులో ఏది వచ్చినా కళ్లకద్దుకుని తీసుకోండి. ఏదీ రాకపోతే మంచి లెక్కల లెక్చరర్లున్న డిగ్రీ కాలేజీలో చేర్చండి, ఎమ్మెస్సీకి మళ్లీ ప్రయత్నించవచ్చు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నేరుగా పీహెచ్‌డీకి పోటీపడే వీలు కూడా 2022 నుంచి ఉంది.

ఒక పని మాత్రం ఈ వారమే చేయండి. రాత్రి భోజనాలయ్యాక అమ్మాయి పక్కన కూర్చుని, మీకిద్దరికీ జవాబు తెలియని ఒక లెక్క తీసుకోండి. ప్రధాన సంఖ్యల మీదో, పదిమందిలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం మీదో, ఏదైనా సరే. మూడు రోజులు తెగకపోయినా ఆమె విసుక్కోకుండా నాలుగో రోజు మళ్లీ కాగితం తీస్తే, ఆమె గురించి నాకు మరో ఉత్తరం రాయక్కర్లేదు. మొదటి గంటలోనే ఫోన్ పట్టుకుంటే అప్పుడు రాయండి, వేరే దారి చూద్దాం.

కన్సల్టెన్సీ వాళ్లను ఆ 5 వేలు వెనక్కి అడగండి. ఇవ్వరు, అయినా అడగండి. మిగిలిన 40 వేలతో ఓ మంచి ల్యాప్‌టాప్ వస్తుంది, పైథాన్ ఉచితమే. ఇంకా మిగిలితే ఇద్దరూ తిరుపతి రైలెక్కి ఆ క్యాంపస్ చూసి రండి.