తర్కానికి నిలకడ ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం ఎం.ఏ. చేరతానంటున్నాడు. వేల ఏళ్లుగా వాదించుకుంటున్నా ఏదీ తేలని చదువు వల్ల ప్రయోజనమేమిటి? తర్కంతో దేన్నైనా నిలబెట్టవచ్చు, దేన్నైనా పడగొట్టవచ్చు కదా?
- ఒక తల్లి, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నే అసలైనది. ఎదుటివారి నోరు మూయించడాన్ని మనం వాడుకలో తర్కమంటున్నాం గానీ, మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం ఆ తేడాను ఏనాడో చూపింది: నిజం తేల్చుకోవడానికి మాట్లాడితే వాదం, గెలుపే గురిగా మాట్లాడితే జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలపకుండా ఎదుటి పక్షాన్ని కూల్చడమే పనిగా పెట్టుకుంటే వితండం. మీ భయమంతా చివరి రెండింటి గురించే.

చలికాలం తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నడుస్తూ, కైలాసగిరి మీద తెల్లగా ఏదో కమ్ముకోవడం చూసి కొండకు నిప్పంటుకుందని మీరు అన్నారనుకుందాం. ఎందుకంటే పొగ ఉంది గనుక అంటారు. పొగ ఉన్నచోట నిప్పుంటుందనడానికి వంటింటి పొయ్యిని చూపిస్తారు. మాటల వరుసలో లోపం లేదు. కాస్త పైకెక్కి చూస్తే అది పొగ కాదు, మంచు. కొండ, పొగ, పొయ్యి నైయాయికులు, అంటే న్యాయదర్శన పండితులు, తరతరాలుగా చెప్పే ఉదాహరణలే. నాకు తెలిసింది అంటున్నది దేని ఆధారంగా తెలిసింది, ఆ ఆధారం ఎంతవరకు నమ్మదగింది అని ఇలా వెనక్కి వెళ్లి అడగడమే తత్త్వశాస్త్రం చేసే పని.

ఏదీ తేలలేదన్న మీ ఆక్షేపణ కూడా పాతదే. తర్కానికి నిలకడ లేదని వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లోనే ఉంది. దానికి రాసిన భాష్యంలో, అంటే వ్యాఖ్యానంలో, శంకరాచార్యులు సాంఖ్యదర్శనం చెప్పిన కపిలుడు, వైశేషికదర్శనం చెప్పిన కణాదుడు వంటి మహనీయులకే ఒకరితో ఒకరికి పొసగలేదని గుర్తుచేశారు. అయితే, తర్కానికి నిలకడ లేదన్న మాటను కూడా తర్కంతోనే కదా నిలబెడుతున్నారు అన్న ఎదురుప్రశ్నను దాచకుండా పూర్వపక్షం, అంటే ఎదుటి పక్షం, నోట పలికించారు. శ్రుతిని, అంటే వేదాన్ని, ప్రమాణంగా నమ్మిన ఆయనే, నిప్పు చల్లనిదని నూరు శ్రుతులు చెప్పినా అది ప్రమాణం కాదని గీతాభాష్యంలో రాశారు. తర్కం హద్దు ఎక్కడో తెలియాలన్నా ఆ హద్దుదాకా తర్కంతోనే నడవాలి. నాకు ఈ శాస్త్రం మీద ప్రేమ కలిగింది అక్కడే.

ఉద్యోగం సంగతి వేరు, ఆ భరోసా నేనివ్వలేను. చేరేముందు మీ అబ్బాయిని కూర్చోబెట్టి ఈ చదువు ఎందుకని అడగండి. మీ సందేహాన్ని చివరిదాకా విని జవాబు చెబుతున్నాడా, మిమ్మల్ని ఓడించాలని చూస్తున్నాడా గమనించండి.