గుర్తును నమ్మేముందు: 1966 మస్టాంగ్ డ్యాంపర్ గురించి అల్లుడికి లేఖ

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. డాలస్ నుంచి నీవు రాసిన లేఖ, ఇంజిన్ ముందుభాగం ఫొటోలు అందాయి. నిప్పురవ్వ పడిన క్షణంలో మెరిసి తిరిగే గుర్తును చూపించే టైమింగ్ లైట్ పెట్టి, ఇగ్నిషన్‌ను పుస్తకంలో ఉన్నట్టు పిస్టన్ పైకొసకు చేరడానికి 6 డిగ్రీల ముందుకు సరిచేస్తే బండి లాగలేకపోతోందనీ, ఇంజిన్ వేడెక్కుతోందనీ, సిలిండర్లకు నిప్పురవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్‌ను చెవితో విని తిప్పితే చక్కగా పరుగెడుతోంది గానీ లైట్ కింద గుర్తు 20 డిగ్రీలు దాటి చూపిస్తోందనీ రాశావు. కార్బ్యురేటర్ మార్చమని ఒకరు, రేడియేటర్ మార్చమని ఇంకొకరు చెప్పారట. ఆ రెండింటికీ ఇప్పుడే డబ్బు పెట్టవద్దు. నీవు చెప్పిన లక్షణాలన్నీ పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, ముందు కొసన ఉన్న డ్యాంపర్ వైపే వేలెత్తి చూపుతున్నాయి. అయినా అనుమానం మీద విడిభాగం మార్చకూడదు కనుక ముందు రుజువు చేసుకునే పద్ధతి, ఆ తరువాత మార్చే పద్ధతి చెబుతాను.

దీన్ని అందరూ హార్మోనిక్ బ్యాలెన్సర్ అని కూడా అంటారు. బెల్టులు తిప్పే పుల్లీ దీనికే బిగించి ఉంటుంది కాబట్టి, రెండూ ఒకటేనని, ఇది ఉత్త ఇనుప చక్రమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇందులో మూడు భాగాలున్నాయి: క్రాంక్‌షాఫ్ట్ కొసపై బిగుతుగా కూర్చునే లోపలి హబ్, దాని చుట్టూ సన్నని రబ్బరు పొర, ఆ రబ్బరును పట్టుకుని ఉండే బరువైన బయటి వలయం. వీ8 ఇంజిన్‌లో క్రాంక్ ఒక చుట్టు తిరిగేసరికి నాలుగు సిలిండర్లు మండుతాయి. నిమిషానికి 3000 చుట్ల వేగంలో అది సెకనుకు 200 దెబ్బలు. దెబ్బ పడిన ప్రతిసారీ ఆ లోహపు కడ్డీ తడిగుడ్డను పిండినట్టు అణువంత మెలితిరిగి, మళ్లీ విడుచుకుంటుంది. కొన్ని వేగాల్లో ఈ మెలి ఒకదానిపై ఒకటి పేరుకుని పెద్దదవుతుంది. బయటి వలయం తన బరువు వల్ల ఆ కుదుపుతో వెంటనే కదలక వెనకబడుతుంది, మధ్యలోని రబ్బరు నలిగి ఆ శక్తిని వేడిగా మార్చేస్తుంది. మోటారు కార్ల తొలి దశాబ్దాల్లోనే పొడవైన క్రాంక్‌లు ఈ మెలి వల్ల విరిగిపోవడం చూసి ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ వంటి ఇంజినీర్లు దీనికి ఉపాయం కనిపెట్టారు. విజయవాడ ఆటోనగర్‌లో ఆరు సిలిండర్ల లారీ ఇంజిన్ల ముందు నీవు చిన్నప్పుడు చూసిన ఆ బరువైన చక్రాలు చేసే పనీ ఇదే.

రబ్బరుకు ఆయుష్షు ఉంది. వేడి, గాలిలోని ఓజోన్, క్రాంక్ చుట్టూ నూనెను ఆపే ముందు సీల్ నుంచి కారే నూనె దాన్ని గట్టిపరుస్తాయి, పగలగొడతాయి, ఉబ్బిస్తాయి. నీ బండి పుట్టి దాదాపు అరవై ఏళ్లు. ఆ రబ్బరు ఒక్కసారైనా మార్చారో లేదో పాత యజమానికి కూడా తెలియదని రాశావు. పట్టు తప్పిన వలయం హబ్‌పై జారడం మొదలుపెడుతుంది, సాధారణంగా తిరిగే దిశకు ఎదురుగా. ఈ ఇంజిన్‌లో టైమింగ్ గుర్తులు చెక్కి ఉన్నది ఆ వలయంపైనే. అది 15 డిగ్రీలు వెనక్కి జారిందనుకో. పిస్టన్ నిజంగా పైకొస వద్ద, అంటే టీడీసీలో ఉన్నప్పుడు ఇంజిన్‌కు కదలకుండా బిగించిన ముల్లు, అంటే పాయింటర్, కింద సున్నాకు బదులు ఇంకా 15 కనిపిస్తుంది. అప్పుడు లైట్ చూసి 6కు సరిచేశావంటే, నిప్పురవ్వ అసలు టీడీసీ దాటిన 9 డిగ్రీల తరువాత పడుతోందన్నమాట. ఆలస్యంగా మండిన మిశ్రమం చక్రాలను తోయడానికి బదులు ఇంజిన్‌ను కాలుస్తుంది. చెవితో సరిచేసినప్పుడు బండి హాయిగా ఉండి లైట్ 20 దాటి చూపించడం ఈ లెక్కకు చక్కగా సరిపోతుంది.

ఇక రుజువు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, టార్చిలైటు వేసి రబ్బరు పొరను చుట్టూ చూడు. పగుళ్లు, బయటికి ఉబ్బి వచ్చిన రబ్బరు, కొన్ని చోట్ల ఖాళీ, వలయం హబ్ అంచు కన్నా ముందుకో వెనక్కో జరిగి ఉండడం, ఇవేవి కనిపించినా దాని పని అయిపోయినట్టే. తరువాత హబ్, రబ్బరు, వలయం మూడింటి మీదుగా తెల్ల రంగుతో ఒకే సన్నని గీత గీయి. కొన్ని రోజులు మామూలుగా నడిపి మళ్లీ చూడు. గీత విరిగి కనిపిస్తే వలయం ఇంకా జారుతూనే ఉందని అర్థం, ఆ క్షణం నుంచి బండిని తీయవద్దు. ఇంజిన్ నడుస్తుండగా వలయం అటూ ఇటూ ఊగుతోందా అన్నది కూడా చూడవచ్చు, కానీ పక్క నుంచి ఎన్నడూ చూడవద్దు. ఊడిన వలయం రేడియేటర్‌ను, హుడ్‌ను చీల్చుకుని పోగలదు. ఫ్యాన్, డ్యాంపర్ తిరిగే వరుసలో నీ తల గానీ, పక్కన నిలబడిన పిల్లల తల గానీ ఉండకూడదు. ఊపు కనిపించినా వంగిన పుల్లీ కూడా అలాగే ఊగుతుంది కనుక, ఊగుతున్నది వలయమా, పుల్లీ అంచా అని తేల్చుకోవాలి.

గీత చెదరకపోతే డ్యాంపర్ బాగున్నట్టేనా అంటే కాదు. అది ఎప్పుడో జారి, జారిన చోటే పట్టుకుని ఉండవచ్చు. అందుకే అసలైన పరీక్ష పిస్టన్ స్టాప్‌తో, అంటే పిస్టన్ పైకొసకు చేరకుండా అడ్డుపడే పనిముట్టుతో చేసేది, దీన్ని మాత్రం దాటవేయవద్దు. అన్ని స్పార్క్ ప్లగ్గులూ తీసేయి. ఒకటో సిలిండర్ ప్రయాణికుడి వైపు, అన్నిటికన్నా ముందున్నది. ఆ ప్లగ్ రంధ్రంలో స్టాప్‌ను బిగించు. నీ బండికి వచ్చిన 289 ఘనపు అంగుళాల వీ8 ఇంజిన్ ప్లగ్ మర 18 మిల్లీమీటర్లది, నేటి దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి 14 మిల్లీమీటర్ల ఇంజిన్లకు చేసినవి, కొనేముందు చూసుకో. క్రాంక్ బోల్ట్‌పై సాకెట్ పెట్టి చేత్తో మెల్లగా, ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో, పిస్టన్ స్టాప్‌కు తగిలేదాకా తిప్పు. తగలగానే బలం ఉపయోగించక ఆగి, పాయింటర్ ఎదురుగా వలయంపై గీత గీయి. ఎదురు దిశలో తిప్పి, మళ్లీ తగిలిన చోట రెండో గీత గీయి. ఎదురు దిశలో తిప్పేటప్పుడు బోల్ట్ వదులయ్యే ప్రమాదం ఉంది, దానిపై ఒక కన్ను వేసి ఉంచు. ఈ రెండు గీతల మధ్య, పాయింటర్ కిందికి రాని చిన్న వంపుకు సరిగ్గా నడిమి బిందువే నిజమైన టీడీసీ. అచ్చులో ఉన్న సున్నా అక్కడే ఉంటే వలయం జారలేదు. తేడా ఉంటే కొలువు: ఈ డ్యాంపర్ వ్యాసం సుమారు 160 మిల్లీమీటర్లు కనుక చుట్టుకొలతలో ఒక డిగ్రీ దాదాపు 1.4 మిల్లీమీటర్లు. 21 మిల్లీమీటర్ల తేడా వస్తే 15 డిగ్రీలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వలయం జారకపోయినా, పాత యజమాని వేరే సంవత్సరపు టైమింగ్ కవర్‌నో (ఇంజిన్ ముందు మూత) డ్యాంపర్‌నో అమర్చి ఉంటే గుర్తు, పాయింటర్ కలవవు. ఫోర్డ్ చిన్న వీ8లలో ఏళ్లు గడిచేకొద్దీ పాయింటర్ చోటూ మారింది, డ్యాంపరూ మారింది. రబ్బరు నిగనిగలాడుతూ, గీత చెదరకుండా ఉండి, టీడీసీ మాత్రం తప్పితే ఆ దిశగా ఆలోచించు.

డ్యాంపర్ చెడిందని తేలితే కొత్తది కొనేముందు ఒక రోజు కొలతలకు కేటాయించు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి తూకం. 289 ఇంజిన్‌లో క్రాంక్ తూకాన్ని సరిపెట్టే బరువులో కొంత ముందు డ్యాంపర్‌లోనూ, కొంత క్రాంక్ వెనక కొసన ఉండే చక్రంలోనూ (గేర్లు చేత్తో మార్చే బండిలో ఫ్లైవీల్, ఆటోమేటిక్‌లో ఫ్లెక్స్‌ప్లేట్) పెట్టారు. దాని కొలత 28 ఔన్స్-అంగుళాలు. 1980ల తొలి సంవత్సరాల నుంచి వచ్చిన 5.0 లీటర్ ఇంజిన్లకు అది 50. రెండూ చూడడానికి ఒకలాగే ఉంటాయి, క్రాంక్ మీద రెండూ కూర్చుంటాయి, దుకాణంలో రెండూ మస్టాంగ్‌వేనని ఇస్తారు. తప్పుడుది పెడితే ఇంజిన్ వణికి, బేరింగులు అరిగిపోతాయి. నీ బండిలో నిజంగా 289 ఉందా, పాత యజమాని తరువాతి కాలపు ఇంజిన్ దించాడా అన్నది ఇంజిన్‌పై పోతలోనే వచ్చిన కాస్టింగ్ అంకెలతో నిర్ధారించుకున్నాకే ఆర్డర్ పెట్టు. పుల్లీ బోల్టులు లెక్కపెట్టు: నీ ఏడాదికి మూడు, 1970 నుంచి నాలుగు. డ్యాంపర్ మందం కూడా కొలువు, తేడా వస్తే బెల్టుల వరుస తప్పుతుంది. బండి గుర్తింపు సంఖ్య, అంటే వీఐఎన్‌లో ఐదో అక్షరం కూడా చూడు. సీ గానీ, ఏ గానీ ఉంటే నేను చెప్పినదంతా వర్తిస్తుంది. కే ఉంటే అది 271 గుర్రాల బలం గల అరుదైన ఇంజిన్. దాని డ్యాంపర్ వెడల్పైనది, వెనక వేరే బరువు కూడా ఉంటుంది, మామూలుది దానికి పెట్టకూడదు. పాత హబ్‌కే కొత్త రబ్బరు పోసి ఇచ్చే సంస్థలు అమెరికాలో ఉన్నాయి. బండిని అసలు రూపంలో ఉంచాలనుకుంటే నా ఓటు దానికే, కాస్త ఆలస్యమైనా. వీధుల్లో నడిపే బండికి రేసు డ్యాంపర్ అవసరం లేదు.

విప్పడం ఓపిక ఉన్నవారికి కష్టం కాదు. కూలెంట్ దించి, రేడియేటర్ తీసేస్తే చోటు వస్తుంది. ఆ ద్రవం తియ్యగా ఉండే విషం, కుక్కలు నాకుతాయి, మూతపెట్టిన డబ్బాలో పట్టు. ఫ్యాన్, బెల్టులు, పుల్లీ తీశాక నడిమి బోల్ట్ వదులుచేయాలి. గేర్లు చేత్తో మార్చే బండి అయితే టాప్ గేరులో వేసి ఎవరినైనా బ్రేక్ తొక్కమను, ఆటోమేటిక్ అయితే ఫ్లెక్స్‌ప్లేట్ పళ్లను పట్టుకునే పనిముట్టు వాడు. తరువాత పుల్లర్. దాని బోల్టులు హబ్‌లోని పుల్లీ రంధ్రాల్లోకే పోవాలి. బయటి వలయాన్ని గోళ్లతో పట్టి లాగే పుల్లర్‌ను దగ్గరికి కూడా రానీయవద్దు, అది హబ్‌ను వదిలి వలయాన్ని మాత్రమే ఊడబెరుకుతుంది. పుల్లర్ నడిమి మర క్రాంక్ లోపలి మరలపై నేరుగా నొక్కకుండా మధ్యలో ఒక ఉక్కు బిళ్ల గానీ, పొట్టి బోల్ట్ గానీ పెట్టు.

పాతది చేతికి వచ్చాక, సీల్ ఆనే చోట హబ్‌పై వేలిగోరు తగిలే గాడి పడిందేమో చూడు. తిరిగి వాడే హబ్‌కు గాడి ఉంటే సన్నని ఉక్కు తొడుగు ఎక్కించవచ్చు. సీల్ ఎలాగూ మార్చాలి. అయితే పాత కవర్లలో సీల్‌ను లోపలి వైపు నుంచి ఎక్కించారు, అలాంటిదైతే కవర్ విప్పకుండా మారదు. ముందు అది చూడకుండా స్క్రూడ్రైవర్‌తో పెకలించబోయి కవర్‌ను పాడుచేసుకోవద్దు. క్రాంక్ కొస, కీ గాడి దెబ్బతినలేదని చూసి, డయల్ గేజ్‌తో క్రాంక్ ముందువెనక కదలిక కూడా కొలువు. 0.004 నుంచి 0.008 అంగుళాల మధ్య ఉండాలి. అంతకు మించితే డ్యాంపర్ ఒక్కటి మార్చి ఊరుకోవడంలో అర్థం లేదు, ఇంజిన్ కింది భాగం విప్పి చూడాలి.

కొత్తది ఎక్కించేటప్పుడే ఎక్కువమంది తొందరపడతారు. పాత, కొత్త డ్యాంపర్లను పక్కపక్కన పెట్టి కీ గాడికీ సున్నా గుర్తుకూ ఉన్న కోణం పోల్చు. సీల్ పెదవికి ఇంజిన్ ఆయిల్, కీ గాడిలో పలచగా సిలికాన్ రాయి, లేకపోతే ఆ గాడి వెంట నూనె కారుతుంది. సుత్తితో కొట్టవద్దు. ఆ దెబ్బ క్రాంక్ ముందువెనకలకు కదలకుండా ఆపే, మూడో మెయిన్ బేరింగ్‌లోని థ్రస్ట్ అంచు మీద పడుతుంది, పైగా రబ్బరు కూడా చెడుతుంది. నడిమి బోల్ట్‌తోనే లోపలికి లాగవద్దు. మొదట్లో దానికి రెండు మూడు మరలే దొరుకుతాయి, అవి తెగితే క్రాంకే పోతుంది. ఇందుకోసం అద్దెకు దొరికే ఇన్‌స్టాలర్ తెచ్చుకో. దాని కడ్డీ 5/8 అంగుళాల వ్యాసం, అంగుళానికి 18 మరలది కావాలి. కడ్డీని క్రాంక్‌లోకి పూర్తిగా దించి, నట్ తిప్పుతూ డ్యాంపర్ ఆగేదాకా నెట్టు. ఆ తరువాత అసలు బోల్ట్‌ను వాషర్‌తో సహా టార్క్ రెంచ్‌తో 70 నుంచి 90 అడుగు-పౌండ్ల మధ్య, పుల్లీ బోల్టులను 35 నుంచి 50 మధ్య బిగించు.

అన్నీ బిగించే ముందు, ప్లగ్గులు ఇంకా బయటే ఉండగా, పిస్టన్ స్టాప్ పరీక్ష మళ్లీ ఒకసారి చేయి. కొత్త డ్యాంపర్ అయినంత మాత్రాన దాని గుర్తును నమ్మవద్దు, పాయింటర్ వంగి ఉన్నా తేడా వస్తుంది. సున్నా కలిశాక కూలెంట్ నింపి, డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వ్యాక్యూమ్ గొట్టం తీసి మూసి, తక్కువ ఐడిల్‌లో 6 డిగ్రీలకు సరిచేయి. ఈసారి బండి లాగుడు, వేడి రెండూ సర్దుకోవాలి. అప్పటికీ వేడెక్కుతుంటే మాత్రం రేడియేటర్ చెప్పిన స్నేహితుడి మాట పరిశీలించు. కొత్త డ్యాంపర్‌పై కూడా తెల్ల గీత గీసి, ఆయిల్ మార్చిన ప్రతిసారీ దాన్ని చూస్తూ ఉండు. ఆర్డర్ పెట్టేముందు కాస్టింగ్ అంకెల ఫొటో, పిస్టన్ స్టాప్ గీతల మధ్య కొలత నాకు పంపు, లెక్క నేను కూడా చూస్తాను.

అమ్మకు, నాన్నగారికి నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
నీ మామయ్య