అటకలో ఫ్యాను కొనే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఎండాకాలంలో పై గదుల్లో కూర్చోలేకపోతున్నామనీ, అటకలో కరెంటు ఫ్యాను బిగిస్తే వేడంతా బయటికి పోతుందని పనివాడు చెబుతున్నాడనీ, ఎంత పెద్ద ఫ్యాను కొనాలనీ అడిగావు. ఆఖరి వాక్యంలో, చలికాలం వెళ్లాక కప్పు లోపలి చెక్క మీద నల్లటి మచ్చలు కనిపించాయని కూడా రాశావు. నువ్వు పోనీలే అన్నట్టు రాసిన ఆ వాక్యమే నన్ను ఆపింది. ఫ్యాను సంగతి చివర్లో చూద్దాం. అక్కడికి వచ్చేసరికి దాని అవసరమే లేదని తేలినా నేను ఆశ్చర్యపోను.

వాలు కప్పుకూ గదుల సీలింగుకూ మధ్య మిగిలిన ఖాళీయే అటక. ఎండకు కప్పు కాలుతుంది, కప్పు కింద గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి తేలికై కొప్పు వైపు, అంటే రెండు వాలులు పైన కలిసే అంచు వైపు లేస్తుంది. కొప్పు దగ్గర సందు ఉంటే బయటపడుతుంది. అది పోయిన మేరకు చూరు కింద నుంచి కొత్త గాలి లోపలికి రావాలి. కింద ఒక దారి, పైన ఒక దారి ఉంటే చాలు, ఏ యంత్రమూ లేకుండా గాలి తనంతట తానే నడుస్తుంది. రెండు దారుల మధ్య ఎత్తు ఎంత ఉంటే, లోపలికీ బయటికీ వేడిలో తేడా ఎంత ఉంటే, అంత జోరుగా నడుస్తుంది.

నేను చూసిన ఇళ్లలో చెడిపోయేది ఎక్కువగా కింది దారే. చూరు కింద జాలీలు ఉండనే ఉంటాయి. సీలింగు మీద ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే మెత్తటి పొర, పరిచినవాళ్లు దాన్ని మూలమూలకూ కుక్కి వాటిని లోపలి నుంచి మూసేస్తారు, రంగులు వేసేవాళ్లు బయటి నుంచి కన్నాలు పూడుస్తారు. కింద నిలబడి చూసేవాడికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. కింద గాలి చొరబడకుండా పైన ఎన్ని సందులు కోసినా, బిర్రుగా మూత పెట్టిన సీసాలోంచి గొట్టంతో నీళ్లు పీల్చినట్టే ఉంటుంది.

అంతటితో ఆగినా బాగుండేది. పైదారికి చూరు నుంచి గాలి అందకపోతే, అది సీలింగులోని కన్నాల గుండా నీ ఇంట్లో గాలిని లాక్కుంటుంది. వేసవిలో నువ్వు కరెంటు పోసి చల్లబరిచిన గాలి అటకలోకి పోతుంది. చలికాలంలో స్నానాల ఆవిరి, వంట ఆవిరి, మనుషుల ఊపిరి కలిసిన వెచ్చని తేమగాలి పైకి వెళ్లి చల్లటి చెక్కకు తగిలి నీరవుతుంది. నీ నల్ల మచ్చలు అలా పుట్టినవేనని నా అనుమానం. అయితే అనుమానం మీద డబ్బు ఖర్చు పెట్టకూడదు, చూసి తేల్చుకోవాలి.

చూడటం ఎలాగో చెబుతాను. పొద్దున్నే, కప్పు కాలకముందే అటక ఎక్కు. ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు తప్పనిసరి. సీలింగును మోసే దూలాల మీదే అడుగు వెయ్యి. వాటి మధ్య ఉన్న పలక నీ బరువు ఆపదు, నేరుగా కింది గదిలో పడతావు. కరెంటు తీగల జోలికి వెళ్లకు. కందిరీగల గూళ్లు ఉన్నాయేమో ముందే టార్చి వేసి చూసుకో. పిల్లలను వెంట రానివ్వకు.

పైకి చేరాక టార్చి ఆర్పి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కదలకుండా ఉండు. చూరు వెంబడి సన్నటి వెలుతురు గీతలు కనిపించాలి. అలా కనిపిస్తే కింది దారి తెరిచి ఉన్నట్టు. అక్కడ చిమ్మచీకటిగా ఉంటే నీ జబ్బు సగం తెలిసిపోయినట్టే. కప్పు నడుమ, పొగగొట్టం పక్కన, రెండు వాలులు కలిసే మూలన చుక్కలా వెలుతురు కనిపిస్తే మాత్రం అది వాన దిగే చోటు. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టు.

ఇప్పుడు టార్చి వేసి, కప్పు చెక్కలోంచి కిందికి పొడుచుకొచ్చిన మేకుల మొనలు చూడు. తేమ గురించి ఇంతకంటే నిజాయతీగా చెప్పే సాక్షి అటకలో దొరకదు. ఇనుము చెక్క కంటే ముందే చల్లబడుతుంది కాబట్టి ఆవిరి మొదట మేకు మొన మీదే నీటిబొట్టు కడుతుంది. గడ్డకట్టే చలి ఉన్నచోట అదే తెల్లటి మంచుగా పేరుకుంటుంది. మొన తుప్పు పట్టి, దాని చుట్టూ చెక్కలో రూపాయి బిళ్ల అంత నల్లటి వలయం ఉండి, ఆ మేకు కిందే ఇన్సులేషన్ మీద చిన్న తుప్పు మరక ఉంటే అది ఆవిరి పని. ఒకటి రెండు మేకులకే అలా ఉండి, పక్కనే చెక్క మీద పైనుంచి జారిన నీటి చార కనిపిస్తే అది వాన. వాన కారుడు ఒకచోట ఉంటుంది, వాన పడినప్పుడే వస్తుంది. ఆవిరి కప్పంతా పరుచుకుంటుంది, వాన లేని చలిరాత్రుల్లోనూ వస్తుంది. ఈ తేడా తెలియక ఉన్న కప్పంతా పీకించి కొత్తది వేయించినవాళ్లు ఉన్నారు. మరుసటి చలికాలానికి కొత్త చెక్క మీద కూడా మచ్చలు వచ్చాయి.

ఒకవేళ అది వాన కారుడే అయితే, చుక్క పడేచోట కన్నం కోసం వెతకకు. నీళ్లు ఎక్కడో పైన దిగి, వాసం వెంబడి జారి, అడ్డం తగిలిన చోట కింద పడతాయి. గొట్టంతో నీళ్లు పోసి పరీక్షించేటప్పుడు చూరు దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్లాలి, లోపల ఒక మనిషి టార్చితో చూస్తూ ఉండాలి. పై నుంచి మొదలుపెడితే ఒక్కసారిగా అన్నీ తడిసి ఏదీ తేలదు. కప్పు నడిబొడ్డున కారడం అరుదు. పొగగొట్టం చుట్టూ, గోడకు కప్పు ఆనే చోట, గొట్టాలు కప్పును చీల్చుకుని వచ్చే చోట, రెండు వాలులు కలిసే చోట కట్టిన రేకులు ఊడటమే మామూలు కారణం. తారు పూసి వెళ్లేవాణ్ని నమ్మకు, మళ్లీ వర్షాలకు మళ్లీ వాణ్నే పిలవాల్సి వస్తుంది.

ఆవిరి అని తేలితే పని కింది గదుల నుంచి మొదలవ్వాలి. స్నానాల గది, వంటగది ఎగ్జాస్టు గొట్టాలు ఎక్కడ తెరుచుకుంటున్నాయో చూడు. ఖర్చు తగ్గించుకోవడానికి వాటిని అటకలోనే వదిలేసినవాళ్లు ఎందరో. అలా ఉంటే అటక పాలిట అంతకంటే శత్రువు లేదు. గొట్టాన్ని కప్పు దాటించి గానీ గోడ దాటించి గానీ బయటికి తీయించు. చూరు జాలీ దగ్గర వదిలితే లాభం లేదు, అదే తేమగాలి జాలీలోంచి మళ్లీ లోపలికి వస్తుంది.

తర్వాత సీలింగు కన్నాలు. దీపాలు బిగించిన చోట, తీగలు దిగిన చోట, నీళ్ల గొట్టాల చుట్టూ, అటక తలుపు అంచుల వెంట గాలి పోతూనే ఉంటుంది. కిందనే నిలబడి సన్నటి పొగ వచ్చే అగరుబత్తిని ఆ అంచుల దగ్గర పట్టుకో. పొగ పైకి లాక్కుపోయిందంటే అక్కడ సందు ఉన్నట్టు. సీలెంటుతో, ఫోముతో మూయించు. అటక తలుపుకు చుట్టూ రబ్బరు పట్టీ వేయించు. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. పొగగొట్టం చుట్టూ మామూలు ఫోము కొట్టించకు, అక్కడ రేకు, మంటను తట్టుకునే సీలెంటు వాడాలి. సీలింగులోకి దింపిన దీపాలు వేడెక్కే రకమైతే వాటి మీద ఇన్సులేషన్ కప్పకూడదు, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. ఈ కన్నాల పని ఎవరికీ కనిపించదు కాబట్టి దీనికి ఎవరూ ముందుకు రారు. నన్నడిగితే పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం ఇచ్చే పని ఇదే.

ఇక గాలి దారులకు లెక్క. అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే గృహనిర్మాణ నియమావళిలో ఒక కొలత ఉంది, నేనూ దాన్నే పట్టుకుంటాను. అటక నేల వైశాల్యంలో 150వ వంతు గాలి దారి ఉండాలి. ఆ దారిని పైకీ కిందికీ ఇంచుమించు సగం సగంగా పంచితే 300వ వంతుతో సరిపెట్టుకోవచ్చు. అటక 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు అనుకో. వైశాల్యం 1200 చదరపు అడుగులు. దానిలో 300వ వంతు 4 చదరపు అడుగులు. అందులో 2 కొప్పు దగ్గర, 2 చూరు కింద, అంటే ఒక్కో వైపు చూరుకు ఒక చదరపు అడుగు. 40 అడుగుల చూరు మీద పరిస్తే అడుగుకు నాలుగు చదరపు అంగుళాలు కూడా పడదు, పెద్ద పనేమీ కాదు. పైనా కిందా సరిసమానంగా కుదరకపోతే కింది దారినే ఎక్కువగా ఉంచు.

ఆ కొలత నికరంగా గాలి వెళ్లే సందుది, కోసిన కన్నానిది కాదు. జాలీ తీగలు, రెక్కలు కన్నంలో చాలా భాగాన్ని తినేస్తాయి. తయారీదారు ఆ సరుకు మీద నికర కొలత విడిగా ఇస్తాడు, దాన్ని చూసే లెక్క కట్టమను. జాలీ కన్నం పావు అంగుళానికి మించకూడదు, మించితే ఎలుకలు, పక్షులు కాపురం పెడతాయి. మరీ సన్నగా ఉన్నా దుమ్ముతో పూడుతుంది. చూరు దగ్గర ప్రతి రెండు వాసాల మధ్యా అట్టతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన అడ్డుపలక కట్టించు. కప్పు చెక్కకూ ఇన్సులేషన్‌కూ మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ ఎప్పటికీ మిగలాలి.

పైదారి ఒక రకమే ఉండనివ్వు. కొప్పు పొడవునా సందు పెట్టించి, పక్క గోడల త్రికోణంలో ఉన్న పాత కిటికీ జాలీలను కూడా అలాగే వదిలేస్తే, గాలి దగ్గరి దారి చూసుకుంటుంది. జాలీలోంచి వచ్చి కొప్పులోంచి పోతుంది. చూరు దగ్గర గాలి కదలనే కదలదు. కొప్పు సందు తెరిచిన రోజే ఆ జాలీలు మూయించు.

వేడి విషయంలో నీకు ఎవరూ చెప్పని మాట ఒకటి ఉంది. కాలిన కప్పు నుంచి వేడి కిందికి వచ్చేది ఎక్కువగా కిరణాల రూపంలో. గాలి ఎంత ఆడినా ఆ కిరణాలు ఆగవు. అటకలో గాలి కాస్త చల్లబడుతుంది, చెక్క ఎక్కువకాలం మన్నుతుంది, అంతే. కింది గది చల్లగా ఉండాలంటే సీలింగు మీద ఇన్సులేషన్ మందంగా, ఎక్కడా ఖాళీ లేకుండా, అదమకుండా పరవాలి. నొక్కుకుపోయిన, తడిసిన ఇన్సులేషన్ పనిచేయదు. ఇంకా కావాలంటే వాసాల కింది వైపున అల్యూమినియం రేకు పొర కట్టించవచ్చు. దాని మెరిసే ముఖం ఖాళీ వైపు, కిందికి చూస్తూ ఉండాలి. దేనికైనా ఆనించి అతికిస్తే ప్రయోజనం పోతుంది. నేల మీద మెరుపు పైకి ఉండేలా పరిస్తే దుమ్ము పట్టి మెరుపు పోతుంది. ఎప్పుడైనా పైకప్పు మార్చాల్సి వస్తే లేత రంగు ఎంచుకో. నల్లటి కప్పు ఎండను దాదాపు అంతా తాగేస్తుంది, తెల్లటిది చాలా భాగాన్ని తిప్పికొడుతుంది.

ఇప్పుడు ఫ్యాను. ఫ్యాను బలంగా లాగుతుంది, నిజమే. కానీ ఎక్కడి నుంచి లాగుతుందో అది చూసుకోదు. చూరు దారి చాలకపోతే ఇంట్లో చల్లగాలినే లాగి బయటికి పారబోస్తుంది, పై గది ఏసీ మరింత కష్టపడుతుంది, ఫ్యాను కరెంటు దానికి అదనం. ఇంట్లో గ్యాసుతో నడిచే గీజరు ఉంటే మరీ ప్రమాదం. ఆ లాగుడుకు పొగగొట్టంలోంచి పోవాల్సిన విషవాయువు గదిలోకే వెనక్కి రావచ్చు. కన్నాలు మూసి, దారులు తెరిచి, ఇన్సులేషన్ సరిచేశాక ఒక వేసవి గడవనివ్వు. అప్పటికీ వేడి తగ్గకపోతే ఫ్యాను గురించి మాట్లాడుకుందాం.

పనివాడు ఇంకో పద్ధతి కూడా చెప్పవచ్చు. దారులన్నీ మూసేసి, కప్పు చెక్కకే ఫోము ఇన్సులేషన్ అంటించడం. అది తప్పుడు పద్ధతి కాదు. ఏసీ గొట్టాలు అటకలోంచి వెళ్లే ఇళ్లకు, ఉక్కపోత ఎక్కువగా ఉండే చోట్లకు అదే మేలు కావచ్చు. బయటి తేమగాలి వచ్చి చల్లటి గొట్టాల మీద నీరు కట్టడం అందులో తప్పుతుంది. కాకపోతే అయితే పూర్తిగా మూయాలి, లేకపోతే పూర్తిగా తెరవాలి. సగం ఇదీ సగం అదీ చేయించావంటే రెండింటికీ చెడుతుంది.

మీ వెనక షెడ్డు రేకులు వాన లేకుండానే కారుతున్నాయని మీ అమ్మ ఫోనులో చెప్పింది. కన్నాలేమీ ఉండవు. మబ్బు లేని రాత్రి ఇనపరేకు ఆకాశానికి వేడి వదిలి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది, అడుగున మంచు కడుతుంది, తెల్లారాక అదే కారుతుంది. రేకు కింద ఇన్సులేషన్ పొర వేయించి, రెండు వైపులా గాలి ఆడనిస్తే సరిపోతుంది. అవి పాతకాలపు ఆస్బెస్టాస్ రేకులైతే మాత్రం కోయడం, డ్రిల్లు పెట్టడం, గీకడం ఏదీ చేయనివ్వకు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సరు తెచ్చేది. తీయించాల్సి వస్తే ఆ పని తెలిసినవాళ్లనే పిలువు.

కప్పు మీదికి నువ్వు ఎక్కకు. కింద నుంచి దుర్భిణితో చూస్తే చాలావరకు తెలుస్తుంది. చూరు దాకా నిచ్చెన వేయక తప్పకపోతే, ప్రతి నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున పాదాన్ని గోడకు ఎడంగా ఉంచు, పై కొస చూరును మూడు అడుగులు దాటాలి, కింద ఒకరు పట్టుకోవాలి.

అటక పొడవు, వెడల్పు, సీలింగు నుంచి కొప్పు దాకా ఎత్తు కొలిచి పంపు. చూరు కింద జాలీల ఫొటోలు, మేకుల మొనలు దగ్గరగా తీసిన ఫొటోలు రెండు మూడు, ఎగ్జాస్టు గొట్టాలు ఎక్కడ ఆగాయో చూపించే ఫొటో కూడా కావాలి. అవి చూసి కొప్పు సందు ఎంత కోయించాలో లెక్క కట్టి రాస్తాను. అప్పటిదాకా ఫ్యానుకు అడ్వాన్సు ఇవ్వకు. ఇప్పటికే ఇచ్చి ఉంటే, ఆ డబ్బును చూరు జాలీల పనికి మళ్లించమని అడుగు. మంచి పనివాడైతే ఒప్పుకుంటాడు.

ఆశీస్సులతో,
మామయ్య