ఫైబ్రోమయాల్జియాకు ఫిజియో ఎందుకు, యూట్యూబ్ చూసి చేసుకోవద్దా?

మీ అమ్మగారు మొదటి రోజే వరంగల్ భద్రకాళి బండ్ మీద ముప్పావుగంట నడిచి, రెండు రోజులు మంచం దిగలేదని మీరు రాశారు. మొదటి రెండు మూడు నెలలు పక్కన ఫిజియో ఉండాల్సిందే. చేయించడానికి కాదు, ఆపడానికి. ఒళ్లంతా నొప్పులు, అలసట వదలని ఈ జబ్బులో దెబ్బతీసేది నొప్పి తగ్గిన రోజే. ఆ రోజు ఇల్లు దులుపుతారు, బియ్యం చెరుగుతారు, సాయంత్రం నడకకూ పోతారు. ఏడాదంతా వంగని నడుము బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల నాడు గంటన్నర వంగి చప్పట్లు కొడితే, సద్దుల నాటికి మంచమే గతి.

నడక 5 నుంచి 10 నిమిషాలతో మొదలుపెట్టాలి, వారానికి 3 రోజులు, చదునైన చోట. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట తెగుతుంటే వేగం ఎక్కువైనట్టే. రెండు వారాలకోసారి ఒకటి రెండు నిమిషాలు పెంచుతూ 20–30 నిమిషాలకు చేరాలి. నెలలు పడుతుంది, పట్టనివ్వండి. నొప్పి కాస్త పెరిగి మర్నాటికి సర్దుకుంటే ఫర్వాలేదు. 48 గంటలు దాటితే తర్వాతిసారి సగం చెయ్యాలి, మానెయ్యొద్దు.

బలం కోసం కుర్చీలోంచి లేచి కూర్చోవడం చాలు. కుర్చీని గోడకానించి 5 సార్లు. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు. కూర్చునేటప్పుడు దబ్బున పడకూడదు, అలాగని మరీ నెమ్మదిగా దిగినా తొడ కండరాలు మర్నాడు పట్టేస్తాయి. ఒక్కోసారికీ మధ్య నాలుగైదు సెకన్లు ఆగాలి. మూడోసారికే భుజాలు చెవుల దాకా లేస్తున్నాయా, దవడ బిగుస్తోందా? పక్కన ఉన్నవాళ్లకే కనిపిస్తుంది, ఫోన్‌లో వీడియోకు కనిపించదు.

అయితే ఫిజియో అంటే కరెంటు ప్యాడ్లు, మైనం కాపడం, పది రోజుల ప్యాకేజీ అనే చోటికి పోకండి. అప్పటికి హాయిగానే ఉంటుంది, ఒంటికి ఓపిక మాత్రం రాదు. యూరప్ రుమటాలజీ సంఘం 2017 సూచనల్లో గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామాన్నొక్కదాన్నే. మందులకు కూడా ఆ స్థాయి ఇవ్వలేదు.

నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్ మందు వాడుతుంటే ఫిజియోకు ముందే చెప్పండి, తల తిరిగి తూలుతారు. మన ఎండాకాలంలో నడక పొద్దున ఆరున్నరలోపే అయిపోవాలి. గోడమీది క్యాలెండర్‌లో రోజూ రెండు అంకెలు రాయండి: ఎన్ని నిమిషాలు నడిచారు, మర్నాడు లేవగానే నొప్పి పదికి ఎంత. నడక మోతాదు పెంచేది ఆ రెండో అంకె చూసే.