కస్టమర్ అసభ్యంగా ప్రవర్తిస్తే ఓనర్‌కి బాధ్యత ఉండదా?

చీరల షాపులో ఒక కస్టమర్ కావాలని చేతులు తాకుతున్నాడు, చెబితే ఓనర్ "మంచి గిరాకీ, సర్దుకుపో" అంటున్నాడు, ఏం చేయాలి అని అడిగారు.

సర్దుకుపోవద్దు. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం తోటి ఉద్యోగుల గురించే అని చాలామంది అనుకుంటారు కానీ, 19వ సెక్షన్ ప్రకారం షాపుకి వచ్చిపోయే బయటివాళ్ల నుంచి కూడా మీకు రక్షణ కల్పించాల్సింది యజమానే, మీరు పోలీసు కేసు పెడతానంటే సాయం చేయాల్సిందీ ఆయనే. గిరాకీ పోతుందన్న భయం ఆయనది, దానికి మీరెందుకు నలిగిపోవాలి?

పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. చిన్న షాపైనా, ఫిర్యాదు ఓనర్ మీదే అయినా జిల్లా లోకల్ కమిటీకి రాసివ్వాలి. గడువు 3 నెలలు, తగిన కారణం చూపిస్తే ఇంకో 3 నెలలు పెంచుతారు, కానీ అంతదాకా ఆగకండి, ఎందుకంటే సీసీటీవీ రికార్డింగ్ కొన్నాళ్లకు చెరిగిపోతుంది. నేను బట్టల షాపులో చేసినప్పుడు ఆ ఆలస్యమే నన్ను దెబ్బతీసింది. తేదీ, టైము, పక్కన ఎవరున్నారో ఈ రాత్రే రాసిపెట్టుకోండి.