నాలుగు వందల మట్టి ఆకులు, పైన ఫాల్స్ సీలింగ్

ప్రశ్న: మా డూప్లెక్స్‌లో మెట్ల పక్కన రెండంతస్తుల ఎత్తు ఖాళీ ఉంది. స్టోన్‌వేర్ మట్టితో (బాగా ఎక్కువ వేడిలో కాల్చే మట్టి) చిన్న చిన్న ఆకులు చేసి అక్కడ పెద్ద గుత్తిలా వేలాడదీయాలని నా కోరిక. మొత్తం 400 అనుకున్నాను, వంద దాకా చేసి ఆరబెట్టాను, ఇంకా కాల్చలేదు. చేపల గాలాలకు వాడే నైలాన్ దారంతో కట్టెయ్యమంటున్నారు. పైన జిప్సం సీలింగ్, కింద పిల్లలు ఆడుకుంటారు, అదే టెన్షన్.
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు సీలింగ్ సంగతి తేల్చుకోండి, ఆకులు తర్వాత. జిప్సం బోర్డుకి ఏదీ తగిలించొద్దు. దాని పైనున్న కాంక్రీట్ స్లాబ్‌లోకి యాంకర్ బోల్టులు దిగాలి, అదీ లోపల కమ్మీలు, కరెంటు పైపులు ఎక్కడున్నాయో చూసి డ్రిల్ చేసేవాళ్ల చేత. ఓ పది ఆకుల్ని వంటింటి త్రాసులో తూచండి. ఒక్కోటి 30 గ్రాములుంటే 400కి 12 కిలోలు, వాటిని పైన కట్టే ఫ్రేముతో ఇంకా పెరుగుతుంది. మొత్తం బరువుకి కనీసం ఐదు రెట్లు మోసేలా బిగించమనండి.

నైలాన్ నాకైతే ఇష్టం లేదు. బరువుకి మెల్లగా సాగుతుంది, ఎండ తగిలితే పెళుసవుతుంది, ముడి వేసిన చోట బలం బాగా తగ్గిపోతుంది, పైగా కాలిన మట్టి అంచు దాన్ని కోసేస్తుంది. సన్నటి స్టీల్ వైర్ రోప్ తీసుకోండి, మీది సముద్రపు గాలి కాబట్టి 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ అని అడిగి మరీ కొనండి. ప్రతి ఆకు కింద ఒక చిన్న క్రింప్ (వైరు చుట్టూ నొక్కి బిగించే లోహపు గొట్టం) నొక్కితే ఆకు దాని మీద కూర్చుంటుంది, ముడుల బాధ ఉండదు.

ఇక బెజ్జాలు. స్టోన్‌వేర్ తడి మట్టి నుంచి పూర్తిగా కాలేసరికి సుమారుగా 10 నుంచి 13 శాతం కుంచించుకుపోతుంది, బెజ్జం కూడా దాంతోపాటే, ఆపైన గ్లేజ్, అంటే గాజులాంటి పూత, లోపలికి జారి పూడ్చేస్తుంది. చివరికి 3 మిల్లీమీటర్లు కావాలంటే 4 పెట్టుకోండి, మట్టి కాస్త గట్టిపడి ఇంకా చల్లగా ఉండగానే పొడవండి, రెండు వైపులా అంచుని తడి స్పాంజితో నున్నగా చెయ్యండి. ఆరిపోయిన వందకీ బెజ్జాలు లేకపోతే డ్రిల్ బిట్‌ని చేత్తో మెల్లగా తిప్పుతూ వెయ్యొచ్చు. కొన్ని విరుగుతాయి, పోనివ్వండి.

వరసకి, అంటే ఒక్కో వైరుకి, పది ఆకుల చొప్పున 40 వరసలు కట్టి, నంబరు రాసిన చీటీ తగిలించి, ఒక్కోదాన్నీ విడిగా పేపర్లో చుట్టండి, లేకపోతే చిక్కుపడి మీకు ఏడుపొస్తుంది. అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ వేలాడే శిల్పాలు గాలికి తిరుగుతుంటాయని మీరూ ఫ్యాన్ గాలి తగిలే చోట పెట్టకండి. ఆయన ఎక్కువగా వాడింది లోహపు రేకు, మీది మట్టి, తగిలితే పెచ్చులూడతాయి. వరసల మధ్య ఆకు వెడల్పు కన్నా ఎక్కువ ఎడం ఉంచండి. ఫ్రేముని ఛాతీ ఎత్తులో వేలాడదీసి అక్కడే వరసలన్నీ కట్టి, కింద ఎవరూ లేకుండా చూసి, అప్పుడు కప్పీతో పైకి లాగి బోల్టులకి తగిలించండి.

ఆకులు ఓ ముప్ఫై ఎక్కువే కాల్చుకోండి, తర్వాత విడిగా కాలిస్తే అదే రంగు గ్లేజ్ రావడం కష్టం.