జెఫర్సన్ 1790లో ఎందుకు ఒప్పుకున్నాడు?

అమెరికా తొలి ఆర్థిక మంత్రి హామిల్టన్ ఆర్థిక విధానాన్ని అంతగా వ్యతిరేకించిన విదేశాంగ మంత్రి జెఫర్సన్, రాష్ట్రాల స్వాతంత్ర్య యుద్ధ రుణాలను కేంద్రం నెత్తికెత్తుకోవడానికి 1790లో ఎలా సమ్మతించాడని మీరు అడిగారు. తేదీలు వరుసగా చూస్తే ఈ చిక్కు విడిపోతుంది. అప్పటికి వారి వైరం ఇంకా ముదరలేదు. అధ్యక్షుడు వాషింగ్టన్ ఇంటి గుమ్మం దగ్గర, దిగులుపడ్డ ముఖంతో, బట్టల మీద కూడా శ్రద్ధ లేకుండా ఎదురైన హామిల్టన్‌ను చూసి, జెఫర్సన్ అతన్నీ, ఆ పథకాన్ని కాంగ్రెస్‌లో వ్యతిరేకిస్తున్న మాడిసన్‌నూ న్యూయార్క్‌లోని తన ఇంటికి భోజనానికి పిలిచాడు. (ఇది జెఫర్సన్ తరవాత రాసుకున్న కథనం కనుక కొంత జాగ్రత్తగా చదవాలి.) తన అప్పులో చాలా భాగం అప్పటికే తీర్చేసిన వర్జీనియాకు (జెఫర్సన్, మాడిసన్‌ల సొంత రాష్ట్రం) ఆ పథకం చేదుమాత్రే కాబట్టి, దానికి బదులుగా దేశ రాజధాని వర్జీనియా సరిహద్దులోని పొటోమాక్ నది ఒడ్డుకు వచ్చేలా బేరం కుదిరింది.

అసలు సిద్ధాంత భేదం 1791లో హామిల్టన్ ప్రతిపాదించిన జాతీయ బ్యాంకు బిల్లుతో బయటపడింది. కాంగ్రెస్ తన అధికారాల అమలుకు ‘అవసరమైన’ చట్టాలు చేయవచ్చని రాజ్యాంగం చెబుతుంది; ఆ ‘అవసరమైన’ అనే మాటకు, అది లేనిదే పని జరగనిది అని జెఫర్సన్, పనికి తోడ్పడేది అని హామిల్టన్ అర్థం చెప్పారు. వాషింగ్టన్ హామిల్టన్ వైపే మొగ్గాడు. 1790 బేరంలో హామిల్టన్ తనను మోసగించి పనిముట్టుగా వాడుకున్నాడని జెఫర్సన్ 1792లో వాషింగ్టన్‌కు రాసిన లేఖలో వాపోయాడు. అయితే ఆ బేరంలో వర్జీనియాకు దక్కినది తక్కువేమీ కాదని నా అభిప్రాయం.